కుడితి వాటా

హైమవతి పోయిన రోజున పద్మనిలయంలో ఎవరూ పొయ్యి వెలిగించలేదు.

అపార్ట్‌మెంట్లలో ఇంకా మిగిలి ఉన్న పాత మర్యాదల్లో అదొకటి. శవం గుమ్మం దాటేదాకా మిగతా ఇళ్ళలో అన్నం ఉడకదు. చంటిపిల్లలున్నవాళ్ళు బయటినుంచి బన్నులు తెప్పించుకున్నారు. ముసలివాళ్ళు మజ్జిగ తాగి ఊరుకున్నారు. సాయంత్రానికి శ్మశానంలో పని ముగిసి మగవాళ్ళు తిరిగి వచ్చేసరికి ఎవరికీ వండుకునే ఓపిక లేకపోయింది. అన్నం ఉడకలేదు కాబట్టి గంజి లేదు, బియ్యం కడిగిన నీళ్ళూ లేవు. ప్రతి అంతస్తులోనూ మెట్ల పక్క గోడలో బిగించిన గరాటు మూత వేసింది వేసినట్టే ఉంది. ఆ రోజు మనుషులతోపాటు భవనమూ పస్తు పడుకుంది.

ముక్తేశ్వరరావు మాస్టారికి ఆ సంగతి మర్నాడు పొద్దున తట్టింది. మెట్లు దిగుతూ అలవాటుగా గరాటు మూత ఎత్తి చూశాడు. లోపల తడి లేదు. ఎప్పుడూ వచ్చే పులిసిన తరవాణి వాసన కూడా సన్నగిల్లింది. భార్య హైమవతి ఉంటే, "అయ్యో, దానికి నిన్నంతా ఏమీ పడలేదండీ" అని గబగబా లోపలికి వెళ్ళి బియ్యం కడిగిన కడుగు గిన్నె పట్టుకొచ్చేది. ఆయన మూత వేసి కిందికి దిగాడు. ముందు రోజు ఆమె మీద కూలిన సజ్జ పెళ్ళలను ఎవరో ప్రహరీ వారకు చేర్చి, మీద గోనెసంచి కప్పారు.

ఆ గరాటు కథ మొదలైంది డబ్బు దగ్గర, డబ్బు ఇవ్వనివాళ్ళ దగ్గర.

పద్మనిలయం కాకినాడలో సముద్రానికి దగ్గరగా కట్టిన ఐదంతస్తుల భవనం. తూర్పు గాలికి ఉప్పు ఉంటుంది. ఆ ఉప్పు సిమెంటులోకి ఇంకి, లోపలి ఇనప చువ్వలకు తుప్పు పట్టించి, ఆ తుప్పు ఉబ్బి, పెచ్చులు లేపుతుంది. కట్టి పాతికేళ్ళు దాటాక తూర్పు వైపు స్తంభాలన్నీ అలా విచ్చుకోసాగాయి. ఒక ఇంజనీరు వచ్చి చిన్న సుత్తితో స్తంభాలను వైద్యుడు రొమ్ము తట్టి చూసినట్టు తట్టి, డొల్ల శబ్దం వచ్చినచోటల్లా సుద్దతో గుర్తు పెట్టాడు. తూర్పు స్తంభాలూ సజ్జలూ విప్పి, చువ్వలు మార్చి, మళ్ళీ పోత పోయాలన్నాడు. ఖర్చు ఎవరి ఇంటి వైశాల్యాన్ని బట్టి వాళ్ళు భరించాలి.

అసోసియేషన్ కార్యదర్శి మాస్టారే. ముప్పై ఏళ్ళు సాంఘికశాస్త్రం చెప్పి, పౌరుల విధులు పిల్లలచేత వల్లె వేయించిన మనిషి. కింద కార్లు నిలిపేచోట ప్లాస్టిక్ కుర్చీలు వేయించి అందరినీ పిలిచాడు.

"ఏమండి మాస్టారూ, మా మాట కూడా కాస్త వినండి" అన్నాడు కింది అంతస్తు రామభద్రరాజు. "మేం లిఫ్టు ఎక్కమండి. మేడమీద బట్టలు ఆరెయ్యమండి. మా గోడకి చెమ్మ లేదు, మా ఇంటికి మెట్టు లేదు. పైవాళ్ళ సజ్జలకి మేం డబ్బులు కట్టడం ఏం న్యాయమండి?"

"అదే స్తంభం కదా రాజుగారూ మీ ఇంట్లోంచి పైకి లేచింది" అన్నాడు పై అంతస్తు షరీఫ్. ఆయనకు రేవు దగ్గర పడవ ఇంజన్ల సామాన్ల దుకాణం ఉంది. "నా సంగతి చూడండి. వాన ముందు మా ఇంట్లో పడి, తర్వాత మీ కాకినాడలో పడుద్ది."

"పై ఇల్లు చవకగా వచ్చిందని కొన్నారు కదండి. చవకంటే మరి అలాగే ఉంటదండి."

నవ్వులు లేచాయి. మూడో అంతస్తు ఇల్లు అద్దెకిచ్చి హైదరాబాదులో ఉంటున్న యజమాని ఫోనులో, "నేనక్కడ ఉండడమే లేదు కదండీ" అన్నాడు. ఉంటున్న అద్దెవాళ్ళు, "మాది కాదు కదండీ" అన్నారు. ఆ సమావేశం అలాగే ముగిసింది. తర్వాతవీ అలాగే ముగిశాయి. ఇంజనీరు పెట్టిన సుద్ద గుర్తులు మొదటి వానకే కొట్టుకుపోయాయి.

ఇంటికి వచ్చి మాస్టారు పడక కుర్చీలో వాలిపోయేవాడు. ఎదురుగా నిలబడి మాట అనిపించుకోవడం ఆయనకు చేతకాదు. బడిలో ఎవరూ ఎదురు చెప్పలేదు కాబట్టి ఆ సంగతి ఆయనకు అరవై ఏళ్ళు వచ్చేదాకా తెలియలేదు.

"నీ సున్నప్పురుగులు ఏమైనా పనికొస్తాయా హైమా?" అని ఒక రోజు ఆయనే అడిగాడు.

హైమవతి సూక్ష్మజీవుల శాస్త్రవేత్త. కళాశాల ప్రయోగశాలలో ఏళ్ళ తరబడి సున్నం విడిచే సూక్ష్మజీవుల పనే పట్టుకుని ఉంది. ఆయన అడిగిన మరునాడు ఆయన్ను అక్కడికి తీసుకువెళ్ళి, తొట్టిలోంచి ఒక సిమెంటు పలక తీసి చేతిలో పెట్టింది. పలక మధ్యగా కుట్టు వేసినట్టు ఒక తెల్లని గీత ఉంది.

"ఇది రెండు ముక్కలై ఉండేది. విరవండి చూద్దాం" అంది.

ఆయన మోకాలికి ఆనించి బలంగా వంచాడు. పలక విరిగింది. కాని గీత దగ్గర కాదు, పక్కన.

హైమవతి నవ్వింది. "అతికినచోట అసలు దానికన్నా గట్టి. వీటికి పిండి పదార్థం కావాలి, అంతే. గంజి చాలు, కడుగు చాలు. స్తంభాల్లోకి సన్నని గొట్టాలు దించితే, ఎక్కడ బీట ఉంటే అక్కడికి వాటంతటవే పాకుతాయి. తిన్నది సున్నంగా విడిచి బీట పూడుస్తాయి."

"తిండి పెట్టకపోతే?"

"బతకాలి కదా. గట్టిగా ఉన్నచోట సున్నం కరిగించుకుంటాయి. అంటే పక్కవాడి కంచంలో చెయ్యి పెడతాయన్నమాట."

"పక్కవాడంటే ఎవరు?"

"ఎవరైనా. వాటికి ఫ్లాటు నంబర్లు తెలియవు కదండీ."

ఆయన విరిగిన పలకను అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు. ఆమె ఆ ముక్కలు తీసుకుని తొట్టిలో పెట్టింది. "ఒక్క మాట వినండి. ఇది బీటకి మందు. తుప్పుకి కాదు. చువ్వ మార్చాల్సినచోట మార్చాల్సిందే. దానికి డబ్బు వసూలు చెయ్యాల్సిందే. ఉప్పు తగిలితే ఇవి ముడుచుకుపోతాయి, ఆ తడి ఉప్పు చువ్వనీ తింటుంది. ఇంకా ఒకటి రెండేళ్ళు చూడాలని నాకు ఉంది."

"చూద్దాంలే. ముందు వాళ్ళను ఒక దారికి రానీ" అన్నాడు మాస్టారు.

ఈసారి సమావేశంలో ఎవరూ పోట్లాడలేదు. డబ్బు అడగడం లేదని తెలియగానే రాజుగారు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. హైమవతి లేచి ఏవి పోయవచ్చో, ఏవి పోయకూడదో, ఎందుకు పోయకూడదో చెప్పడం మొదలుపెట్టింది. గొట్టాలు వంటింటి గోడలోంచి వెళ్తాయా, బొద్దింకలు వస్తాయా అని వెనక ఎవరో అడిగారు. ఇంకెవరో జవాబు చెప్పారు. ఆ గోలలో ఆమె గొంతు పైకి రాలేదు. మాస్టారు లేచాడు. క్లిష్టమైన పాఠాన్ని పిల్లల స్థాయికి దించడంలో ఆయనకు పేరుంది.

"ఇంత తర్జనభర్జన ఎందుకండీ? మన చిన్నప్పుడు వీధి చివర గేదెలవాళ్ళ ఇంటిముందు కుడితి గోలెం ఉండేది. ఇంటింటివాళ్ళూ కడుగూ గంజీ తెచ్చి అందులో పోసేవాళ్ళం. గేదె వాళ్ళది, పాలు ఊరందరివీ. ఇదీ అంతే. కుడితి గోలెం అనుకోండి."

అందరికీ ఒక్కసారిగా అర్థమైంది. ముసలివాళ్ళ ముఖాలు విప్పారాయి. రెండో అంతస్తు అచ్చియ్యమ్మ గారైతే చేతులు జోడించింది. ఆవిడ, భర్త కలిసి గొల్లప్రోలు పక్క పల్లెలో పాడి పెట్టుకుని బతికినవాళ్ళు. ఆయన పోయాక గేదెల్ని అమ్మి ఆ డబ్బుతో ఇక్కడ ఇల్లు కొనుక్కుంది.

ఇంటికి వచ్చాక హైమవతి, "అది గేదె కాదండీ" అంది నవ్వుతూ. "పోనీలెండి, మీరు చెప్తే విన్నారు. ఇంటింటికీ వెళ్ళి ఆ ఉప్పు సంగతి మాత్రం విడిగా చెప్పండి. చువ్వల డబ్బు సంగతి కూడా."

చెప్తానన్నాడు. గొట్టాలు దించి గరాటులు బిగించాక వాటి మీద 'గంజి, కడుగు మాత్రమే' అని అందమైన అక్షరాలతో రాయించాడు. 'మాత్రమే' అన్నాక ఇంక చెప్పడానికేముందని ఆయన నమ్మకం. డబ్బు మాట ఎత్తితే పొందిక చెడుతుందని దాన్ని దాటవేశాడు.

మొదటి ఏడు పద్మనిలయంలో అందరికీ అదొక సంబరం. పిల్లలు దానికి గేదె అని పేరు పెట్టారు. పొద్దున్నే గిన్నెలు పట్టుకుని, "గేదెకి పోసొస్తామే" అని పరుగెత్తేవాళ్ళు. గోడల మీద బీటలు తెల్లని దారాల్లా పూడుకుపోతుంటే వేలితో తడిమి చూసుకునేవాళ్ళు. షరీఫ్ ఇంట్లో కారడం ఆగిపోయింది. రంజాన్‌కి ఆయన ఇంటింటికీ సేమ్యా పంపిస్తూ, గరాటు దగ్గర నిలబడి, "నీకూ పోద్దును గాని, పంచదార పడదంట కదా" అని గేదెతో హాస్యమాడాడు. హైమవతి వారానికోసారి గొట్టాలు దిగే కింది ట్యాంకులోంచి నమూనా తీసి ప్రయోగశాలకు పట్టుకెళ్ళేది. ఆమె నడకలో ఆ ఏడు ఒక తేలిక కనిపించేది.

తర్వాత ఒక్కొక్కరే జారుకున్నారు. కుక్కరులో వండే అన్నానికి గంజి ఎక్కడిదన్నారు. కడుగు పట్టి ఉంచాలంటే పనిమనిషి విసుక్కుంటుందన్నారు. రాజుగారు, "మా గోడ బానే ఉంది కదండి, గేదె మా వైపు రావట్లేదేమో" అని నవ్వేసి మానేశాడు. హైదరాబాదు యజమాని ఇంట్లో అద్దెవాళ్ళు మారారు. కొత్తవాళ్ళకు ఆ గరాటు ఎందుకో కూడా తెలియదు. అడగవలసింది కార్యదర్శి. మాస్టారు మెట్ల మీద వాళ్ళు ఎదురైనప్పుడల్లా కుశలం అడిగి పైకి వెళ్ళిపోయేవాడు.

ఫాల్గుణంలో హైమవతి రెండో అంతస్తు తూర్పు కిటికీ పైన సజ్జ అడుగున ఎర్రటి చార చూసింది. పక్క సజ్జలకు లేదు.

"మీటింగు పెట్టండి" అంది. "చువ్వకి తుప్పు వేగంగా పట్టేస్తోంది. ఎందుకో నాకు తెలియడం లేదు. అది విప్పి కట్టాల్సిందే. డబ్బు అడగండి."

"ఉగాది వెళ్ళనీ. పండగ ముందు డబ్బు మాట ఎందుకు?"

రెండు రోజుల తర్వాత ఆమె చిన్న సీసా, గీకడానికి చాకు తీసుకుని కిందికి దిగింది. సజ్జ కింద నిలబడి పైకి చూస్తూ ఉందని తర్వాత చూసినవాళ్ళు చెప్పారు. ఇంట్లో మాస్టారు పేపరు చదువుతున్నాడు. శబ్దం వినిపించింది. ఎవరో లారీలోంచి కంకర దింపుతున్నారనుకున్నాడు. అసోసియేషన్‌కి చెప్పకుండా ఎవరు పని మొదలుపెట్టారా అని కొంచెం కోపం కూడా తెచ్చుకున్నాడు. పేజీ తిప్పాడు. ఆ తర్వాత కింద నుంచి ఎవరో ఆయన్ను పేరు పెట్టి పిలిచారు.

పెద్దకర్మ అయ్యాక హైమవతితో కలిసి పనిచేసిన లిడియా వచ్చింది. సన్నని తీగలు దించి అంతస్తు అంతస్తునా గొట్టాల్లోంచి నమూనాలు తీసుకుంది. నాలుగు రోజుల తర్వాత మళ్ళీ వచ్చి కుర్చీ అంచున కూర్చుంది.

"ఉప్పు, మాస్టారూ. గాలిలో వచ్చే ఉప్పు ఇంత ఉండదు. రెండో అంతస్తు గరాటు కింద నుంచి ఆ సజ్జ దాకా గొట్టం నిండా ఉంది. మిగతా అంతస్తుల్లో లేదు. మేడం కింద ట్యాంకులో చూసేవారు. అక్కడికి వచ్చేసరికి పలచబడిపోయేది."

"అంటే ఎవరో పోశారు."

"రోజూ పోశారండి. చాలా కాలంగా. మేడం పద్ధతిలో తప్పు లేదండి. అది అందరికీ తెలియాలి. మా వాళ్ళు ఆ ప్రయోగం మూసేద్దామంటున్నారు."

మర్నాడు పొద్దున మాస్టారు రెండో అంతస్తు మెట్ల మీద కూర్చున్నాడు. కాసేపటికి అచ్చియ్యమ్మ గారు స్టీలు బకెట్టు ఒక చేత్తో, గోడ ఒక చేత్తో పట్టుకుని వచ్చింది. బకెట్టు కింద పెట్టి, చీర కొంగు ముడి విప్పి, గుప్పెడు కల్లుప్పు తీసి అందులో వేసి, కుడిచేత్తో బాగా కలిపింది. అప్పుడు ఆయన్ను చూసింది.

"ఏం బాబూ, ఇక్కడ కూకున్నావు? ఇంట్లో కూకోబుద్ది కావట్లేదా?"

"లేదు మామ్మగారూ. బకెట్టు నిండా తెచ్చారేం?"

"మరి? నా ఒక్కదాని కడుగు ఏ మూలకి? పై ఇంట్లోవోళ్ళు పొయ్యరు, ఆ మూలింటోళ్ళు పొయ్యరు, రాజుగారు ఎప్పుడో మానేశారు. పస్తుంటే పక్కోళ్ళ గోడలోది తింటదని మీ ఆవిడే చెప్పింది ఒకసారి. అందుకని ఆళ్ళ వాటా కూడా నేనే పోస్తన్నాను. ఇంటింటికీ ఎల్లి మిగిలింది అడిగి తెస్తాను. రాజుగారి కోడలు మంచిదే, చారో పులుసో ఏదోటి పోస్తది."

మాస్టారు బకెట్టులోకి చూశాడు. పైన పోపు గింజలు తేలుతున్నాయి.

"ఉప్పెందుకు వేశారు?"

ఆవిడ పసిపిల్లవాడి ప్రశ్న విన్నట్టు నవ్వింది. "ఉప్పెయ్యకపోతే పశువు మూతి పెడద్దా బాబూ? నలభై ఏళ్ళు పశువుల్ని సాకాను. కుడితి గోలెం అని నువ్వే కదా చెప్పావు ఆ రోజు. అప్పుడే అనుకున్నాను, ఈళ్ళెవరికీ కుడితి కలపడం రాదు, మనమే చూసుకోవాలని." ఆవిడ గొంతు తగ్గింది. "ఇప్పుడు మరీ చూసుకోవాలి. ఆ తల్లి పెంచిన జీవం. మాడిపోతే పాపం."

ఆయన లేచి బకెట్టు అందుకున్నాడు. "ఇవాళ్టికి నేను పోస్తాను మామ్మగారూ. మీరు లోపలికి వెళ్ళండి."

ఆవిడ గుమ్మంలోకి వెళ్ళేదాకా ఆగి, బకెట్టు కిందికి మోసుకెళ్ళి వీధి కాలువలో ఒంపేశాడు.

ఆదివారం సమావేశం జరిగింది. ఇంతమంది ఎప్పుడూ రాలేదు. హైదరాబాదు యజమాని సైతం వచ్చి వెనక నిలబడ్డాడు.

రాజుగారు ముందుగా హైమవతి గురించి నాలుగు మంచి మాటలు చెప్పాడు. అవి మనసులోంచే వచ్చాయి. తర్వాత గొంతు సవరించుకున్నాడు. "కాని ఒక సంగతి అనుకోవాలి కదండి. స్తంభాల్లో కన్నాలు పెట్టి, తడి దించి, ఏవో పురుగుల్ని వదిలాం. సజ్జ ఊడింది. ఆవిడ ప్రయోగం ఆవిడకే ఎదురు తిరిగింది. ఇప్పుడు బాగు చెయ్యడానికయ్యే డబ్బు అందరం పెట్టుకోమంటే ఎలాగండి? మాస్టారి వైపు నుంచి కూడా ఏదో ఆలోచించాలని నా మనవి."

"పన్నెండో రోజు వెళ్ళి పది రోజులు కాలేదు రాజుగారూ" అన్నాడు షరీఫ్.

"నేను కూడా బాధపడే చెప్తున్నానండి."

లిడియా లేచి నిలబడింది. మాస్టారు వద్దని కళ్ళతో చెప్పబోయాడు గాని ఆమె ఆయన వైపు చూడలేదు. "పురుగుల తప్పు కాదండీ. గొట్టంలో ఉప్పు పడింది. ఉప్పు పడకుండా ఉంటే ఆ సజ్జ పడేది కాదు."

అన్ని నోళ్ళూ ఒకేసారి లేచాయి. ఎవరు పోశారు? ఏ అంతస్తు? పోసినవాళ్ళే కట్టుకోవాలి డబ్బు. రాజుగారి గొంతు అన్నిటికన్నా పైన వినిపించింది. "అదీ సంగతి. పేరు చెప్పండి, తేలిపోద్ది."

ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న అచ్చియ్యమ్మ గారు అటూ ఇటూ చూసింది. "ఉప్పు పోస్తే ఏమవుద్దమ్మా?" అని లిడియాను మెల్లిగా అడిగింది. ఆ గోలలో అది మాస్టారికి మాత్రమే వినబడింది.

ఆ పేరు చెబితే హైమవతి పని మీద మచ్చ ఉండదు. ప్రయోగశాలలో ఆమె బల్ల ఖాళీ చెయ్యరు. చెప్పడానికి ఒక్క మాట చాలు. ఆయన లేచి కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు.

"పోయిన నెల రోజుల్లో గరాటులో తమ ఇంటి కడుగు పోసినవాళ్ళు చెయ్యి ఎత్తండి."

షరీఫ్ భార్య ఎత్తింది. ఇంకో ముగ్గురు ఎత్తారు. అచ్చియ్యమ్మ గారు ఎత్తింది. రాజుగారి చెయ్యి మోకాలు మీదే ఉంది.

"మనం పొయ్యని వాటా ఎవరో ఒకరు మోశారు" అన్నాడు మాస్టారు. "వాళ్ళ చేతికి అందింది, వాళ్ళకి తెలిసినట్టు పోశారు. మనం ఇచ్చిన ఎంగిలి చారే పోశారు. వాళ్ళ పేరు నేను చెప్పను. ఆ రోజు హైమ ఉప్పు సంగతి చెప్తుంటే మనం బొద్దింకల గురించి మాట్లాడుకున్నాం. చువ్వలకి డబ్బు కావాలని కూడా ఆమె చెప్పింది. అది నేను మీకు చెప్పలేదు. చెప్తే మీరు కాదంటారని చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నాను. కాదనేవాళ్ళు ఇప్పుడు అనండి."

షరీఫ్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. హైదరాబాదు యజమాని ఫోను చూసుకుంటూ బయటికి నడిచాడు. రాజుగారు చాలాసేపు కూర్చుని, అందరూ కుర్చీలు సర్దుతుండగా దగ్గరికి వచ్చి, "మా వాటా రాసుకోండి మాస్టారూ" అన్నాడు. ఇంకేదో అనబోయి, లిఫ్టు పక్కనుంచి తన ఇంటి వైపు వెళ్ళిపోయాడు.

లిడియా గేటు దాకా వచ్చి ఆగింది. "మీరు పేరు చెప్పి ఉంటే మా వాళ్ళకి నేను కాగితం మీద చూపించేదాన్ని. ఉప్పు ఎలా పడిందంటే నేనేం చెప్పను?"

"తెలియదని చెప్పమ్మా."

"అలా అయితే తప్పు మేడంది అవుతుంది కదండీ."

మాస్టారు తల ఊపాడు. అది ఒప్పుకోవడమో, విన్నాననడమో ఆమెకు తెలియలేదు.

వేసవి వచ్చింది. తూర్పు స్తంభాలకు ఆసరా గుంజలు పెట్టి, ఒక్కొక్కటే విప్పి, కొత్త చువ్వలు కడుతున్నారు. రాజుగారే గొడుగు పట్టుకుని ఎండలో నిలబడి పనివాళ్ళను అజమాయిషీ చేస్తున్నాడు. గొట్టాలను మంచినీళ్ళతో కడిగించారు. గరాటు మూతలకు లిడియా తాళాలు వేయించింది. ప్రయోగశాలలో హైమవతి బల్ల ఖాళీ అయింది. రెండు ముక్కల పలకను లిడియా తెచ్చి మాస్టారికి ఇచ్చి వెళ్ళింది. ఆయన దాన్ని టీవీ పక్కన పెట్టుకున్నాడు.

ఒక సాయంత్రం షరీఫ్ ఆయన్ను కిందికి పిలిచి పైకి చూపించాడు. ఊడిపోయిన సజ్జ తాలూకు గోడ అంచున తెల్లగా ఏదో ఉంది. నిచ్చెన వేయించి ఎక్కి చూశారు. విరిగిన అంచు పొడుగునా సున్నం పేరుకుని, బొటనవేలు వెడల్పున ముందుకు పెరిగి ఉంది. ఎక్కడో కొన్ని పురుగులు బతికి, సజ్జ ఉండిన వైపుగా ఖాళీలోకి అతుకు వేస్తూ వస్తున్నాయి.

"ఆగమనండి దాన్ని, అటువైపు ఏమీ లేదు కదా" అన్నాడు షరీఫ్ నిచ్చెన పట్టుకుని.

మాస్టారు వేలితో తడిమాడు. చల్లగా, గట్టిగా ఉంది. కిందికి దిగి చెయ్యి కడుక్కోకుండానే మెట్లు ఎక్కాడు.

రెండో అంతస్తులో అచ్చియ్యమ్మ గారి తలుపు సగం తెరిచి ఉంది. సమావేశం జరిగిన నాటినుంచి ఆవిడ ఎవరింటికీ వెళ్ళడం లేదు. స్టీలు బకెట్టు గుమ్మం పక్కన బోర్లించి ఉంది. ఆయన అడుగుల చప్పుడు విని ఆవిడ లేచి వచ్చింది.

"బాబూ, ఆ రోజు నుంచీ అడుగుదామనుకుంటన్నాను. ఆ పోసిన చెయ్యి నాదేనా?"

చెయ్యి ఎవరిదైనా మాట నాది మామ్మగారూ, కుడితి గోలెం అన్నది నేను, ఉప్పు వద్దని ఇంటింటికీ వచ్చి చెప్పకుండా ఊరుకున్నది నేను. అన్నీ వరసగా నోటిదాకా వచ్చాయి. పాఠం అప్పజెప్పినంత సాఫీగా వచ్చాయి. ఆవిడ ముఖం చూశాక ఆగిపోయాయి.

"తర్వాత మాట్లాడుకుందాం మామ్మగారూ. పని అంతా అవనివ్వండి" అన్నాడు.

స్తంభాల పని పూర్తయింది. హైదరాబాదు యజమాని వాటా ఇంకా రాలేదు కాబట్టి సజ్జ పోత మొదలవలేదు. అచ్చియ్యమ్మ గారికి చెప్పవలసిన మాట మాస్టారు ఇంకా చెప్పలేదు.